లాకౌట్ సీజన్, నాన్నగారి ఆరు నెలల గడువు: నా అనుభవం

2011 జూన్ 5, ఆదివారం. డాలస్ విమానాశ్రయం నుంచి అమ్మను, నాన్నగారిని ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంటుకు తీసుకొచ్చేసరికి సాయంత్రం అయిదయింది. విజయవాడలో బయలుదేరి రెండు రోజులు కావస్తున్నా నాన్నగారు పడుకోనన్నారు. ఆ రాత్రి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డాలస్ మావెరిక్స్‌కూ మయామీ హీట్‌కూ ఏడు ఆటల ఫైనల్స్‌లో మూడో ఆట ఉందనీ, అది మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోనే జరుగుతుందనీ ఫోనులో నేనే చెప్పి ఉన్నాను. కళ్లు మూతలు పడుతుంటే లేచి మొహం కడుక్కుని వచ్చి మరీ చివరిదాకా చూశారు. డాలస్ రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. "ఆ పొడుగాటి జర్మన్ అబ్బాయి చేతిలో పనితనం ఉందిరా, వీళ్లే గెలుస్తారు చూడు" అని చెప్పి అప్పుడు పడుకున్నారు. సరిగ్గా వారానికి, జూన్ 12న, మయామీలో జరిగిన ఆరో ఆటను 105-95తో గెలిచి డాలస్ తన చరిత్రలో మొదటిసారి ఛాంపియన్ అయింది. ఆట ముగియగానే ఆ జర్మన్ ఆటగాడు డర్క్ నోవిట్జ్కీ ఎవరితోనూ మాట్లాడకుండా కన్నీళ్లు దాచుకుంటూ లోపలికి వెళ్లిపోవడం చూసి, నాన్నగారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పాతికేళ్ల వయసులో డివిజను జట్టులో బాస్కెట్‌బాల్ ఆడేవారు. రైల్వే గ్రౌండులో మట్టి కోర్టు మీద, కాన్వాస్ బూట్లతో ఆడిన ఆటలు ఆయన జ్ఞాపకాలలో అన్నిటికంటే స్పష్టంగా ఉంటాయి. పెద్ద స్టేడియంలో కూర్చుని ఒక్క ఎన్‌బీఏ ఆటైనా చూడాలన్నది ఆయన నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క కోరిక. విమానాశ్రయంలో ఇచ్చిన ఐ-94 కాగితం మీద డిసెంబర్ 4 వరకు ఉండవచ్చని ముద్ర వేశారు. తిరుగు టికెట్ డిసెంబర్ 2కు తీసుకున్నాం. అప్పట్లో సీజన్ మామూలుగా అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో మొదలయ్యేది కాబట్టి నెల రోజుల సమయం చేతిలో ఉన్నట్టే అనుకున్నాను. ఆ తరువాత ఏం జరిగిందో తేదీల వారీగా రాస్తున్నాను. జట్ల యజమానులు ఆట ఆపేసే లాకౌట్ అంటే అభిమాని ఇంట్లో ఎలా ఉంటుందో, మరోసారి అలాంటిది వస్తే ఏ డబ్బు ఎక్కడ చిక్కుకుంటుందో తెలియడానికి ఇది పనికొస్తుందని నా ఆశ.

జులై 1న జట్ల యజమానులు లాకౌట్ ప్రకటించారు. నేను దాన్ని "ఆటగాళ్ల సమ్మె" అంటే నాన్నగారు వెంటనే సరిదిద్దారు. 1974 మే నెలలో దేశమంతా జరిగిన రైల్వే సమ్మెలో ఇరవై రోజులు పనిలోకి వెళ్లని మనిషి ఆయన. "సమ్మె అంటే మేం పని మానేయడం. లాకౌట్ అంటే యజమాని గేటుకు తాళం వేసుకోవడం. రెండూ ఒకటి కాదు" అన్నారు. ఆ రోజు నుంచి ఈ గొడవను ఆయన నాకంటే శ్రద్ధగా చదివారు. పాత ఒప్పందం ప్రకారం ఆట మీద వచ్చే ఆదాయంలో 57 శాతం ఆటగాళ్లకు వెళ్తోంది. 30 జట్లలో 22 నష్టాల్లో ఉన్నాయని, అంతకుముందు సీజన్‌లో మొత్తం 30 కోట్ల డాలర్లు పోయాయని యజమానులు చెప్పారు. ఆటగాళ్ల సంఘం ఆ లెక్కలను ఒప్పుకోలేదు. ఆటగాడి సగటు జీతం ఏడాదికి 50 లక్షల డాలర్లని నేను చెప్పినప్పుడు నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎంతైనా కానీ, తాళం వేసింది ఎవరన్నదే చూడాలి" అన్నారు. నాకు మాత్రం ఎవరి వాటా ఎంతన్న పట్టింపు లేదు, నవంబర్‌లో ఆట జరగాలన్నదే నా కోరిక. ఈ విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు.

ఇక డబ్బు సంగతి. మా ఆఫీసులో ఒక సహోద్యోగికి పై అంతస్తులో రెండు సీజన్ టికెట్లు ఉన్నాయి. సొంత కోర్టులో జరిగే 41 ఆటలను నలుగురం పంచుకునే ఏర్పాటు: మనిషికి పది, మిగిలిన ఒక్కటి ఆయనకే. ఒక్కో టికెట్ 27 డాలర్ల చొప్పున నా వంతు ఇరవై టికెట్లకు 540 డాలర్లు. అందులో సగం జులైలో, సగం సెప్టెంబర్‌లో కట్టాను. లాకౌట్ నడుస్తుండగా ఎందుకు కట్టావని నా భార్య అడిగింది. కట్టకపోతే ఆ సీట్లు ఆయన చేయి జారిపోతాయి, ఛాంపియన్ జట్టు సీట్లు మళ్లీ దొరకవు. పైగా ఎవరు ఏ ఆటకు వెళ్లాలో జులై చివర్లో చీట్లు వేసుకుంటే, నవంబర్ 1 మంగళవారం, షికాగో బుల్స్‌తో మొదటి ఆట నాకే వచ్చింది. ఛాంపియన్ పతాకాన్ని పైకప్పుకు ఎగరేసే ఆట! ఆ చీటీని నాన్నగారు తన పాస్‌పోర్టులో పెట్టుకున్నారు.

ఆగస్టు అంతా ఎదురుచూపుతోనే గడిచింది. రెండు వర్గాలూ కలిసి కూర్చున్న రోజులే తక్కువ. నాన్నగారు ప్రతి సాయంత్రం మా అపార్ట్‌మెంట్ల వెనక ఉన్న కోర్టుకు వెళ్లి, అక్కడ ఆడుకునే పిల్లల బంతి అడిగి తీసుకుని, రెండు చేతులతో గుండె దగ్గర నుంచి వేసే పాతకాలపు షాట్లు వేసేవారు. మొదట నవ్విన పిల్లలు నెల తిరగకుండా ఆయన కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. సెప్టెంబర్ 23న శిక్షణ శిబిరాలను వాయిదా వేశారు. అక్టోబర్ 4న సీజన్‌కు ముందు ఆడే ఆటలన్నీ పోయాయి. అప్పటికీ నేను ధైర్యం చెబుతూనే ఉన్నాను. అక్టోబర్ 10, సోమవారం రాత్రి, లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ బయటికి వచ్చి మొదటి రెండు వారాల ఆటలను, అంటే మొత్తం నూరు ఆటలను, రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. నవంబర్ 1 పోయింది. భోజనాల దగ్గర ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నేను ఆలస్యం చేస్తుంటే, నాన్నగారే "చదివాన్లేరా" అన్నారు. ఆయన గొంతులో బాధ లేదు. నాకు కష్టమనిపించింది అదే.

దీపావళి అక్టోబర్ 26న వచ్చింది. ఆ రోజే న్యూయార్క్‌లో మొదలైన చర్చలు తెల్లవారుజాము దాకా సాగాయి. రెండు పక్షాల వాళ్లూ ఆశతో మాట్లాడారు. నేను ఆఫీసులో పని మానేసి వార్తలు చూస్తూ కూర్చున్నాను, నవంబర్‌లో కొన్నైనా మిగులుతాయని లెక్కలు వేశాను. రెండు రోజులకే, 28వ తేదీ శుక్రవారం, చర్చలు విరిగిపోయి నవంబర్ నెల ఆటలన్నీ రద్దయ్యాయి. చిక్కంతా ఆదాయ వాటా దగ్గరే వచ్చింది. యజమానులు చెరి సగం అంటారు, ఆటగాళ్లు 52 శాతం కంటే తగ్గబోమంటారు. ఆ రెండు శాతం కోసం మా నవంబర్ మొత్తం పోయిందన్న కోపం నన్ను చాలా రోజులు వదల్లేదు.

నవంబర్ 1 సాయంత్రం నాన్నగారు ఒకటే అడిగారు: "ఆట లేకపోతే ఏమైంది, ఆ బిల్డింగ్ చూపిస్తావా?" ఆఫీసు నుంచి కాస్త ముందుగా వచ్చి అమ్మనూ, ఆయననూ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఆట ఉన్న రోజున కారు నిలపడానికి చోటు దొరకని ఆ వీధుల్లో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ముందున్న పెద్ద ఆవరణలో మేం ముగ్గురం, సైకిలు మీద వెళ్లే ఒక అబ్బాయి, దూరంగా నిలబడిన కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. పక్కనే ఉన్న స్టేషన్లో రైలు ఆగింది కానీ దిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. నాన్నగారు మూసి ఉన్న తలుపుల వరుసను చివరిదాకా నడిచి చూశారు. లోపల చిరుతిళ్లు అమ్మేవాళ్లు ఎంతమంది ఉంటారు, టికెట్లు చూసేవాళ్లు ఎంతమంది, పార్కింగులో నిలబడేవాళ్లకు రోజుకూలీనా నెల జీతమా అని అడుగుతూ వచ్చారు. ఆట ఉన్న రోజు పనికి మాత్రమే డబ్బిచ్చే ఉద్యోగాలు వాటిలో చాలా ఉంటాయని చెప్పాను. "ఈ గొడవలో వీళ్ల పేరే ఎక్కడా రాలేదు" అన్నారు. అది నిజం. అన్ని నెలలూ వార్తలు చదివిన నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. తలుపుల ముందు నిలబెట్టి ఫోటో తీశాను. పాస్‌పోర్టులోని చీటీని బయటికి తీసి చేతిలో పట్టుకున్నారు ఆయన.

ఆ రాత్రే, గడువు పొడిగించమని దరఖాస్తు పెడదామా అని ఇంట్లో మాట మొదలైంది. తల్లిదండ్రులు వచ్చి ఉన్న తెలుగు ఇళ్లలో ఈ లెక్క చాలామందికి తెలిసే ఉంటుంది కానీ, నాకు అది మొదటిసారి. ఐ-539 దరఖాస్తు రుసుము అప్పట్లో 290 డాలర్లు. విమాన టికెట్ల తేదీ మార్చితే మనిషికి 200 డాలర్లు, పైన ఛార్జీల తేడా. సందర్శకుల ఆరోగ్య బీమాను మరో రెండు నెలలు పొడిగించాలి. అన్నీ కలిపితే ఇద్దరికీ 1,300 డాలర్లు దాటుతుందని తేలింది. దానికైనా నేను సిద్ధపడ్డాను. కానీ ఏ తేదీ వరకు పొడిగించాలి? డిసెంబర్‌కు మొదలవుతుందో, జనవరికి మొదలవుతుందో, సీజన్ మొత్తమే పోతుందో చెప్పగలవాళ్లు లేరు. 1998-99లో ఇలాగే గేటు మూసినప్పుడు ఆటలు ఫిబ్రవరి 5న మొదలయ్యాయి, జట్టుకు 50 ఆటలే జరిగాయి. పైగా జనవరిలో మా చెల్లెలి కాన్పు ఉంది, అమ్మ అక్కడ ఉండి తీరాలి. "జరుగుతుందో లేదో తెలియని ఆట కోసం అంత డబ్బు పోస్తావా? వద్దు" అని నాన్నగారు కొట్టిపారేశారు. ఇప్పటికీ ఆ నిర్ణయం తప్పని చెప్పలేను. అయినా మనసు ఒప్పుకోదు.

నవంబర్ 14న జరిగినది నాన్నగారిని నాకంటే ఎక్కువగా కదిలించింది. యజమానుల చివరి ప్రతిపాదనను ఆటగాళ్లు తిరస్కరించి, తమ సంఘం ఇకపై తమకు ప్రాతినిధ్యం వహించదని ప్రకటింపజేశారు. సంఘం ఉన్నంతకాలం జీతాల విషయం చర్చల బల్ల దగ్గరే తేలాలి. సంఘం పక్కకు తప్పుకుంటే ఆటగాళ్లు విడివిడిగా, యజమానులందరూ కుమ్మక్కై పోటీని అడ్డుకుంటున్నారంటూ న్యాయస్థానానికి వెళ్లవచ్చు. అమెరికా చట్టంలో ఉన్న ఈ మెలిక వివరించడానికి నాకే గంట పట్టింది. సంఘం కార్డును జేబులో పెట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసిన ఆయనకు, గెలవడం కోసం సంఘాన్నే వదులుకోవడం అన్న ఆలోచన మింగుడుపడలేదు. "మేం ఓడిపోయినప్పుడు కూడా సంఘం మిగిలింది" అని రెండు మూడుసార్లు అన్నారు. మర్నాడు డిసెంబర్ 15 వరకు ఆటలు రద్దయ్యాయి. డిసెంబర్ 2 టికెట్ చేతిలో ఉన్న మాకు ఆ వార్తతో అంతా అయిపోయింది. ఆటగాళ్లకు మొదటి జీతం అందవలసిన రోజు కూడా ఆ నవంబర్ 15వ తేదీయే.

ఆ వారాంతంలో, మరో దారి లేక, ఎస్ఎంయూ విశ్వవిద్యాలయం వాళ్ల మూడీ కొలీజియంలో కాలేజీ ఆటకు తీసుకెళ్లాను. ముందుగా టికెట్ తీసుకోవలసిన పని కూడా లేకుండా గేటు దగ్గరే దొరికాయి. సగానికి పైగా ఖాళీగా ఉన్న ఆ హాలులో, కోర్టుకు ఏడో వరుసలో కూర్చున్నాం. బూట్లు నేల మీద కీచుమనే చప్పుడు, కోచ్ అరుపులు, బంతి తాలూకు బరువు అంతా వినిపించేంత దగ్గర. నాన్నగారు ఆట మొత్తం ముందుకు వంగి కూర్చున్నారు. ఫ్రీ త్రో వేసే కుర్రాడు మోకాలు వంచడం లేదని నాకు చెప్పి, వాడు తప్పిన ప్రతిసారీ నా వైపు చూశారు. పెద్ద లీగ్ మూతపడిన రోజుల్లో కాలేజీ ఆటలు చూడమని నేను గట్టిగా చెబుతాను. పై అంతస్తులో నేను కట్టిన 27 డాలర్ల సీటు నుంచి ఇవేవీ కనిపించవు, వినిపించవు.

నవంబర్ 26, శనివారం. థ్యాంక్స్‌గివింగ్ సెలవుల మధ్య రోజు. తెల్లవారుజామున నిద్రలేచి ఫోను చూస్తే ఒప్పందం కుదిరిందన్న వార్త. న్యూయార్క్‌లో రాత్రి మూడు గంటలప్పుడు స్టెర్న్, ఆటగాళ్ల తరఫున బిల్లీ హంటర్ ఒకే చోట కూర్చుని ప్రకటించారు. క్రిస్మస్ రోజున సీజన్ మొదలు, జట్టుకు 66 ఆటలు, ఆటగాళ్ల వాటా 49 నుంచి 51 శాతం మధ్య. నేను వంటగదిలో నిలబడి రెండుసార్లు చదివాను. సంతోషించాను, ఆ వెంటనే క్యాలెండర్ చూశాను. అమ్మానాన్నల ప్రయాణానికి ఆరు రోజులు ఉంది, ఆటకు 29 రోజులు ఉంది. పది రోజుల ముందు కుదిరి ఉంటే పొడిగింపు దరఖాస్తుకు అర్థం ఉండేది. ఇప్పుడు చెల్లెలి కాన్పుకు అమ్మ సామాన్లు సర్దేసింది. నాన్నగారు కాఫీ తాగుతూ విని, "పోనీలే, ఆ పార్కింగువాళ్లకు పని దొరుకుతుంది" అన్నారు. డిసెంబర్ 2న విమానాశ్రయంలో నవంబర్ 1 చీటీని నా చేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉంచు" అని లోపలికి వెళ్లారు.

ఆ తరువాత అంతా హడావుడి. డిసెంబర్ 6న కొత్త షెడ్యూల్ వచ్చింది. 8న రెండు పక్షాలూ ఒప్పందాన్ని ఆమోదించాయి. 9న శిబిరాలు తెరిచారు, ఆటగాళ్లతో ఒప్పందాలూ అదే రోజు మొదలయ్యాయి. మామూలుగా జులై నుంచి మూడు నెలల్లో నెమ్మదిగా జరిగే వ్యవహారం రెండు వారాల్లో ముగిసింది. ఆ రెండు వారాల్లోనే మా ఛాంపియన్ జట్టు విడిపోయింది. టైసన్ చాండ్లర్ న్యూయార్క్‌కు, జె.జె. బరియా మిన్నెసోటాకు, కారన్ బట్లర్ లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్‌కు వెళ్లారు. చాండ్లర్ వెళ్లిన రోజు నాకు ఆటలు రద్దయిన రోజులకంటే బాధగా అనిపించింది. గోల్ కింద అతను లేకపోతే ఆ టైటిల్ లేదన్నది ఆ జట్టును చూసిన ప్రతివారికీ తెలుసు.

సొంత కోర్టు ఆటలు 41 నుంచి 33కు తగ్గాయి. నలుగురం మళ్లీ చీట్లు వేసుకున్నాం, నాకు ఎనిమిది ఆటలు వచ్చాయి. నాలుగు టికెట్ల డబ్బు, 108 డాలర్లు, కొన్ని సెంట్ల వడ్డీతో జనవరి మధ్యలో నా చేతికి వచ్చింది. ఒకరి పేరు మీద ఉన్న టికెట్లను పంచుకునేవారు ఒక సంగతి ముందుగానే మాట్లాడుకోవాలి. వాపసు మొత్తాన్ని డబ్బుగా తీసుకోవాలా, వచ్చే ఏడాది ఖాతాలో వేయించుకోవాలా అని అడిగితే నిర్ణయం టికెట్ ఎవరి పేరు మీద ఉందో వారిదే. మా సహోద్యోగి మంచివాడు కనుక అందరినీ అడిగి డబ్బే తీసుకున్నాడు. క్రిస్మస్ ఆట చీటీ మాత్రం నాకు రాలేదు. మళ్లీ అమ్మే ఒక వెబ్‌సైటులో పైవరుస సీటుకు 140 డాలర్లు చూపించి, చివరి పేజీకి వచ్చేసరికి రుసుములతో 178 చేశారు. అక్కడితో మానుకున్నాను.

డిసెంబర్ 25, ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర. విజయవాడలో అర్ధరాత్రి దాటి ఒంటిగంట. లాప్‌టాప్‌ను టీవీ ఎదురుగా పుస్తకాల మీద నిలబెట్టి స్కైప్‌లో నాన్నగారికి చూపించాను. పతాకం పైకి వెళ్తున్నప్పుడు బొమ్మ ఆగిపోయింది. తిరిగి వచ్చేసరికి పతాకం పైన ఉంది. "వెళ్లిందా?" అని అడిగారు, వెళ్లిందన్నాను. ఆట మొదటి నుంచే మయామీ చేతిలో ఉంది, 105-94తో గెలిచింది. మూడో క్వార్టర్‌కల్లా నాన్నగారు కుర్చీలోనే నిద్రపోయారు. కాల్ కట్ చేయకుండా అలాగే ఉంచాను.

మర్నాడు, 26న, డెన్వర్‌తో ఆట నాది. నా భార్యతో వెళ్లాను. రెండు వారాల శిబిరం, ముందు రోజే ఒక ఆట ఆడిన కాళ్లు. పై అంతస్తు నుంచి చూసినా డాలస్ ఆటగాళ్లు వెనక్కి పరుగెత్తడంలో ఆలస్యం కావడం తెలిసిపోయింది. 115-93తో ఓడిపోయారు. విరామంలో మూడో అంతస్తులో మొక్కజొన్న పేలాలు అమ్మే పెద్దావిడ దగ్గర ఆగాను. అంతకుముందు సీజన్‌లో చాలాసార్లు చూసిన ముఖమే. ఎలా గడిచిందని అడిగితే, అక్టోబర్ నుంచి ఒక కిరాణా దుకాణంలో రాత్రి పనికి వెళ్లాననీ, ఇక్కడ మళ్లీ మొదలైనా అది మానే ధైర్యం చాలడం లేదనీ చెప్పింది. ఆ రాత్రి ఇంటికి వచ్చి నాన్నగారికి మొదట ఆ మాటే చెప్పాను, స్కోరు తరువాత చెప్పాను.

నాలుగు నెలల్లో 66 ఆటలు కుక్కితే ఎలా ఉంటుందో టీవీలో కంటే ప్రత్యక్షంగా బాగా అర్థమైంది. ప్రతి జట్టూ కనీసం ఒకసారైనా వరసగా మూడు రాత్రులు మూడు ఆటలు ఆడవలసి వచ్చింది. సాధన చేసే రోజులు లేవు. తప్పులు దిద్దుకోవడం కూడా ఆటల్లోనే జరిగింది. జనవరి చివర్లో నోవిట్జ్కీ మోకాలు, ఒంటి దారుఢ్యం సరిచేసుకోవడానికి నాలుగు ఆటలకు దూరంగా ఉన్నాడు. లాకౌట్ ఎప్పుడు ముగుస్తుందో తెలియక ఆలస్యంగా సాధన మొదలుపెట్టిన మనిషి పరిస్థితి అది. డాలస్ ఉన్నది పడమటి విభాగంలో; అవతలి తూర్పు విభాగం జట్లతో 18 ఆటలే పెట్టారు కాబట్టి, తూర్పు జట్లలో కొన్ని ఆ ఏడాది డాలస్‌కు రానేలేదు. ఫలానా ఆటగాడిని చూడాలని టికెట్ తీసుకునేవారు ఇది ముందే చూసుకోవాలి.

ఆ సీజన్ నాకు ఏమీ ఇవ్వలేదంటే అబద్ధమవుతుంది. ఫిబ్రవరి 19న న్యూయార్క్‌లో జెరెమీ లిన్ మా జట్టు మీద 28 పాయింట్లు, 14 అసిస్టులతో (తోటివారి గోల్‌కు దారితీసిన పాసులతో) ఆడిన ఆటను టీవీలో చూశాను. రెండు వారాల క్రితం వరకు బెంచీ చివర కూర్చున్న ఆ కుర్రాడిని చూసి, ఓడిపోతున్నామన్న సంగతి కూడా కాసేపు మరిచాను. మరుసటి రాత్రే డాలస్‌లో బోస్టన్‌తో ఆట నా చీటీ. న్యూయార్క్ నుంచి వచ్చి 24 గంటలైనా కాకుండా కోర్టు మీదికి దిగిన మావాళ్లు 89-73తో గెలిచారు. రెండు జట్లూ అలసిపోయి ఉన్నాయి, షాట్లు తప్పుతున్నాయి, అయినా ఒక్క బంతినీ వదలకుండా పోరాడారు. నా ఎనిమిది ఆటల్లో నాకు బాగా గుర్తుండేది అదే. మార్చి 6న చాండ్లర్ న్యూయార్క్ జట్టుతో తిరిగి వచ్చినప్పుడు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను కూడా గొంతు పోయేలా అరిచాను.

సీజన్ ఏప్రిల్ 26న ముగిసింది. డాలస్ 36 గెలిచి, 30 ఓడి పడమటి విభాగంలో ఏడో స్థానంతో టైటిల్ తేల్చే చివరి దశ, ప్లేఆఫ్స్‌కు చేరింది. 28న షికాగో ఆటగాడు డెరిక్ రోజ్ మొదటి ప్లేఆఫ్ ఆటలోనే మోకాలు పట్టుకుని పడిపోయాడు. నవంబర్ 1న నాన్నగారికి నేను చూపించవలసిన ఆటగాడు అతనే. కారణం తీరిక లేని షెడ్యూలేనని నేను చెప్పలేను, కానీ ఆ దృశ్యం చూసినప్పుడు నాకు ఆ షెడ్యూలే మనసులో మెదిలింది. అదే రాత్రి మావాళ్లు ఓక్లహోమా సిటీలో 99-98తో, చివరి క్షణాల్లో కెవిన్ డ్యురాంట్ వేసిన షాట్‌తో ఓడిపోయారు. రెండో ఆట మూడు పాయింట్లతో పోయింది. మే 5, శనివారం, నాలుగో ఆటకు మా నలుగురిలో ఒకరు ఊళ్లో లేకపోవడంతో టికెట్లు నాకిచ్చారు. చివరి క్వార్టర్‌లో 13 పాయింట్ల ఆధిక్యం ఉండగా నాన్నగారికి ఫోను చేసి "గెలుస్తున్నాం" అని చెప్పాను. అక్కడ ఆదివారం ఉదయం. ఆ తరువాత జేమ్స్ హార్డెన్ ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి బుట్టలో వేస్తూనే ఉన్నాడు. 103-97. ఒక్క ఆటా గెలవకుండా ఛాంపియన్లు ఇంటికి వెళ్లారు. జేసన్ కిడ్, జేసన్ టెర్రీ ఆ కోర్టు నుంచి లోపలికి నడిచి వెళ్లడం చూశాను. మావెరిక్స్ చొక్కాల్లో వాళ్ల చివరి ఆట అదేనని 2012 జులైలో తెలిసింది. కిడ్ న్యూయార్క్‌కు, టెర్రీ బోస్టన్‌కు సంతకం చేశారు.

ఇది రాస్తున్నది 2012 జులైలో. సహోద్యోగి కొత్త సీజన్‌కు వంతుల డబ్బు అడుగుతున్నాడు. కొత్త ఒప్పందం పదేళ్లకు, ఆరో ఏడాది తరువాత ఏ పక్షమైనా తప్పుకోవచ్చు. అంటే కనీసం 2017 వరకు గేటుకు తాళం పడదు. ఈ మాట ఫోనులో చెబితే నాన్నగారు చాలాసేపు లెక్క చూసుకుని, "అప్పటికి నాకు 67" అన్నారు. చెల్లెలి బాబుకు ఆరు నెలలు నిండాయి కాబట్టి అమ్మ ఈసారి అక్టోబర్ చివర్లో రావడానికి ఒప్పుకుంది. విమాన టికెట్లు ఇంకా తీసుకోలేదు, ఎన్‌బీఏ షెడ్యూల్ వచ్చేవరకు ఆగుదామని నాన్నగారే చెప్పారు. ఈ వారం 270 డాలర్ల చెక్కు రాసి ఇస్తూ, నవంబర్‌లో డాలస్‌లో జరిగే మొదటి ఆటను చీట్లలో వేయకుండా నాకు వదిలేయమని మిగతా ముగ్గురినీ అడిగాను. ముగ్గురూ సరేనన్నారు.